ముట్టుకుని నేర్చుకునే అక్షరం: బడి మెట్టెక్కే ముందు వాడ పిల్లలకు మ్యూజియం ఏమివ్వగలదు?

మ్యూజియంలోకి అడుగుపెట్టగానే కనిపించే బోర్డు: 'వస్తువులను ముట్టుకోరాదు'. చాలామందికి అది మామూలు సూచన. వాడ నుంచి వచ్చిన కుటుంబానికి ఆ మాట వెనుక ఇంకో చరిత్ర ఉంది. బావి దగ్గర, గుడి దగ్గర, హోటల్ గ్లాసు దగ్గర తరతరాలుగా విన్న మాట అది. అలాంటి మ్యూజియంలోనే బడి ఈడు రాని పిల్లల్ని కూర్చోబెట్టుకుని, వస్తువుల్ని వాళ్ల చేతికిచ్చి, వాటి గురించి మాట్లాడించి, ఆ మాటల్లోంచి అక్షరాల దాకా తీసుకెళ్లే కార్యక్రమాలు ప్రపంచంలో అనేక చోట్ల నడుస్తున్నాయి. చాలాచోట్ల వాటి బరువు మోసేది వాలంటీర్లే.

ఈ కార్యక్రమాలు ఎలా పనిచేస్తాయి, అణచివేతకు గురైన సమాజాలకు ఇవి ఎందుకు ముఖ్యం, మన అంగన్‌వాడీల్లో వీటినుంచి ఏం తీసుకోవచ్చు అన్నది మేము ఇక్కడ వివరిస్తాం. మా వాదన సూటిగా చెబుతాం. పిల్లల ముందు పెట్టే వస్తువు, దాని గురించి మాట్లాడే భాష వాళ్ల ఇంటివైతేనే ఈ పద్ధతి వాడ పిల్లలకు పనికొస్తుంది. లేకపోతే 'బడికి సిద్ధం చేయడం' అన్నది పాత అడ్డుగోడకే కొత్త రంగు వేసినట్టు అవుతుంది.

చదువుకు ముందు జరిగే చదువు

అక్షరాలు దిద్దించడంతో చదువు మొదలవుతుందని మనలో చాలామంది అనుకుంటాం. పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో పరిశీలించినవాళ్లు చెప్పేది వేరు. అక్షరం కంటే ముందే పిల్లల్లో నాలుగు విషయాలు తయారవుతాయి. ఒకటి, మాటల సంపద. వస్తువుల పేర్లు, పనుల పేర్లు, పోలికలు ఇందులోకి వస్తాయి. రెండు, మాటలోని శబ్దాలను విడివిడిగా వినగలగడం. మూడు, కాగితం మీది గీతలకు అర్థం ఉంటుందని, అవి ఒక వైపు నుంచి ఇంకో వైపుకు సాగుతాయని తెలియడం. నాలుగు, జరిగినదాన్ని ముందూ వెనకా కలిపి కథగా చెప్పగలగడం.

ఈ నాలుగూ మాట్లాడటంలోనే పెరుగుతాయి. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. బొమ్మల పుస్తకాన్ని పెద్దవాళ్లు చదివి వినిపిస్తూ పోవడం కంటే, పిల్లల్ని ప్రశ్నలడిగి, వాళ్లు చెప్పినదానికి ఇంకొంత కలిపి, మళ్లీ వాళ్లతోనే చెప్పించినప్పుడు భాష వేగంగా పెరుగుతుందని అది చూపింది. దీన్నే డైలాజిక్ రీడింగ్ అంటారు. తెలుగులో సంభాషణ పఠనం అనుకోవచ్చు.

మ్యూజియం కార్యక్రమాలు ఈ సూత్రాన్నే వస్తువుకు వర్తింపజేస్తాయి. ఒక వస్తువు చూపిస్తారు. అదేమిటో, దేనితో చేశారో, బరువుగా ఉందో తేలికగా ఉందో అడుగుతారు. పిల్లలు చెప్పినదాన్ని పెద్ద అక్షరాల్లో రాసి గోడకు అంటిస్తారు. ఆ వస్తువుకు దగ్గరి కథ ఒకటి చదువుతారు. చివర్లో పిల్లలు బొమ్మ గీస్తారు, దాని కింద వాళ్ల మాటను వాలంటీరు రాస్తారు. గంటలోపే అయిపోయే ఈ పనిలో పైన చెప్పిన నాలుగూ కలిసి వస్తాయి. దీనికి ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. ఓపికగా వినే పెద్ద మనిషి ఒకరుంటే చాలు.

ముట్టుకోనిచ్చిన మ్యూజియాలు

పిల్లల కోసమే పెట్టిన తొలి మ్యూజియం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1899లో మొదలైంది. బోస్టన్‌లో 1913లో ఇంకొకటి వచ్చింది. 1962లో మైకేల్ స్పాక్ బోస్టన్ మ్యూజియం డైరెక్టర్ అయ్యాక, అద్దాల పెట్టెల్లోని వస్తువులు పిల్లల చేతుల్లోకి వచ్చాయి. 'ముట్టుకో, విప్పి చూడు' అన్నది అక్కడ పద్ధతి అయింది.

మన పాఠకులకు ఇంకా దగ్గరిది వాషింగ్టన్ నగరంలోని అనకోస్టియా. అది నల్లజాతి ప్రజల పేట. స్మిత్సోనియన్ సంస్థకు చెందిన గొప్ప మ్యూజియాలన్నీ నగరం నడిబొడ్డున ఉన్నా, ఆ పేట పిల్లలు వాటి మెట్లెక్కడం అరుదు. 1967 సెప్టెంబర్ 15న అదే సంస్థ, ఆ పేటలో మూతపడిన ఒక సినిమా హాలులో చిన్న మ్యూజియం తెరిచింది. దానికి డైరెక్టర్‌గా వచ్చిన జాన్ కినార్డ్ మ్యూజియం వృత్తిలో శిక్షణ పొందినవాడు కాదు, సమాజ సేవలో పనిచేసిన యువకుడు. 1989లో చనిపోయేదాకా ఆయనే దాన్ని నడిపాడు. పాతకాలం కిరాణా కొట్టు నమూనా, పిల్లలు చేత్తో తిప్పి చూసే సామాన్లు, చిన్న జంతుశాల తొలి ప్రదర్శనలో ఉన్నాయి.

1969లో ఆ మ్యూజియం ఎలుకల మీద ప్రదర్శన పెట్టింది. బతికున్న ఎలుకల్నే తెచ్చి చూపింది. ఆ పేట ఇళ్లలో పిల్లల్ని రోజూ భయపెట్టేవి ఎలుకలు. ఎందుకొస్తున్నాయి, చెత్త ఎవరు ఎత్తడం లేదు, ఇళ్లు ఎందుకిలా ఉన్నాయి అనే ప్రశ్నలు ఆ ప్రదర్శనలోంచే పుట్టాయి. పేట పిల్లల అనుభవాన్ని నేర్వదగిన విషయంగా ఒక మ్యూజియం గుర్తించడం అప్పట్లో కొత్త.

ఆ అనకోస్టియాలోనే ఫ్రెడరిక్ డగ్లస్ చివరి ఏళ్లు గడిపాడు. బానిసగా ఉన్న చిన్ననాడు యజమానురాలు అతనికి అక్షరాలు నేర్పడం మొదలుపెడితే, ఆమె భర్త ఆపించాడు. బానిసకు చదువొస్తే ఇక బానిసగా ఉండడని ఆ భర్తకు తెలుసు. ఈ పోలికను మనకంటే ముందే జోతిరావు ఫూలే చూశాడు. 1873లో రాసిన 'గులాంగిరి'ని బానిసత్వ నిర్మూలనకు పనిచేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అనకోస్టియా కథ మనకు పరాయి కథ కాదని మేము అనడానికి కారణం ఇదే.

'లోటు' అనే మాట వెనుక

బడికి ముందు కార్యక్రమాలు నడిపే చాలామంది మనసులో ఒక నమ్మకం ఉంటుంది: పేద ఇళ్లలో మాటలు తక్కువ, అందుకే పిల్లలు వెనకబడతారు. దీనికి బలమిచ్చింది 1995లో బెటీ హార్ట్, టాడ్ రిస్లీ ప్రచురించిన పుస్తకం. కాన్సస్ సిటీలో 42 కుటుంబాలను నెలకొక గంట చొప్పున రికార్డు చేసి, నాలుగేళ్లు వచ్చేసరికి పేద పిల్లలు సంపన్నుల పిల్లలకంటే మూడు కోట్ల మాటలు తక్కువ విని ఉంటారని వాళ్లు లెక్కకట్టారు. ప్రపంచమంతా ఆ అంకెను పట్టుకుంది. ఆ 42లో ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాలు ఆరే. ఆ ఆరూ నల్లజాతి కుటుంబాలే.

తర్వాత డగ్లస్ స్పెరీ, లిండా స్పెరీ, పెగీ మిల్లర్ వేరే సమాజాల్లో ఇదే విషయాన్ని మళ్లీ పరిశీలించారు. 2018లో వెలువడిన వాళ్ల అధ్యయనం ఒకే ఆదాయ వర్గంలోని కుటుంబాల మధ్యే చాలా తేడాలున్నాయని చూపింది. తల్లి ఒక్కరే కాక చుట్టూ ఉన్న పెద్దలు, తోటి పిల్లలు మాట్లాడేదంతా లెక్కలోకి తెచ్చేసరికి, పేద పిల్లలు వినే మాటల సంఖ్య బాగా పెరిగింది.

వాడలో పెరిగిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. అక్కడ బిడ్డతో మాట్లాడేది అమ్మ ఒక్కతే కాదు. అవ్వ, తాత, పెద్దమ్మ, పక్కింటి అక్క, అరుగు మీది ముసలాయన అందరూ మాట్లాడతారు. బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, చావుకాడి శోకాలు, చిందు భాగోతం కథలు ఆ చెవిన పడతాయి. అందుకే మాటలు తక్కువన్న వాదన వాడకు నప్పదు. అసలు చిక్కు బడి ఆ మాటల్ని లెక్కలోకి తీసుకోకపోవడంలో ఉంది.

తెలుగు అక్షరం, వాడ మాట

తెలుగు వాచకాల్లో తరచూ 'ఋ' పక్కన ఋషి కనిపిస్తాడు. నాలుగేళ్ల బిడ్డ ఇంట్లో ఆ అక్షరంతో మొదలయ్యే మాట ఒక్కటీ ఉండదు. అదే బిడ్డకు గంప తెలుసు, తట్ట తెలుసు, పలుగు తెలుసు, డప్పు తెలుసు. తెలిసిన మాటకు గుర్తు చూపించడం ఒక పని. తెలియని మాటనూ, దాని గుర్తునూ ఒకేసారి మోపడం రెండు పనులు. పుస్తకం భాషకు దగ్గరగా మాట్లాడే ఇళ్ల పిల్లలకు బడి మొదటి పని ఇస్తుంది, మన పిల్లలకు రెండూ ఇస్తుంది. తర్వాత పరుగు పందెంలో ఎవరు వెనకబడ్డారో లెక్క తీస్తుంది.

మన లిపి తీరు కూడా అర్థం చేసుకోవాలి. ఇంగ్లీషులా కాకుండా తెలుగు లిపిలో గుణింతాలు, ఒత్తులు కలిసి వందలాది అక్షర రూపాలు అవుతాయి. మన లిపికి అక్క లాంటి కన్నడ లిపిపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, ఈ రూపాలన్నీ పట్టుబడటానికి పిల్లలకు ప్రాథమిక బడిలో ఏళ్లు పడుతుందని చూపింది. కాబట్టి మూడేళ్ల బిడ్డతో వర్ణమాల మొత్తం బట్టీ పట్టించడం తొందరపాటు.

ఆ వయసులో చేయగలిగింది మాటను ముక్కలుగా వినడం. 'గం-ప' రెండు దెబ్బలు. 'ప-లు-గు' మూడు. 'కొ-డ-వ-లి' నాలుగు. చప్పట్లతో చేయొచ్చు, డప్పు మీద ఇంకా బాగుంటుంది. పలుగు, పలక, పత్తి మూడింటిలో ముందు వినిపించేది ఏదని అడగొచ్చు. దాని తర్వాత 'ప' అక్షరం చూపిస్తే, బిడ్డ దాన్ని తనకు తెలిసిన శబ్దానికి గుర్తుగా పట్టుకుంటుంది.

వస్తువు దగ్గర మాట ఎలా సాగాలో ఒక నమూనా చూద్దాం. చేతిలో చేట ఉంది.

'ఇదేంది బిడ్డా?'
'చేట.'
'మీ ఇంట్ల దీంతోని ఏం చేస్తరు?'
'అవ్వ బియ్యం చెరుగుతది.'
'అవునా, అవ్వ బియ్యం చెరుగుతదా! చెరిగితే పొట్టు ఏడికి పోతది?'

ఇక్కడ వాలంటీరు చేయాల్సిన పని 'అవ్వ బియ్యం చెరుగుతది' అని బిడ్డ అన్నది అన్నట్టు కాగితం మీద రాయడం. 'చెరుగుతుంది' అని దిద్దకూడదు. పుస్తకం భాష తర్వాత వస్తుంది, రావాలి కూడా. కానీ తన నోటి మాట అక్షరమై గోడెక్కడం చూసిన బిడ్డకు, రాయడం అంటే ఏమిటో ఆ క్షణంలోనే తెలుస్తుంది. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్ ఇదే పద్ధతిని 1963లో తన పుస్తకం 'టీచర్'లో వివరించింది. పిల్లల సొంత మాటలే వాళ్ల మొదటి వాచకం.

ఏ వస్తువు, ఎలా

హైదరాబాద్‌లో 1951 నుంచి ప్రజలు చూస్తున్న సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ఉంది. దాని ముందు జనం గుమిగూడి ఎదురుచూస్తారు. పసిపిల్లలతో లెక్కపెట్టించడానికి, ఎదురుచూపు మీద కథ చెప్పించడానికి అంతకంటే మంచి వస్తువు దొరకదు. వాడ పిల్లలు అక్కడికి వెళ్లాలి. అది వాళ్ల హక్కు. నవాబుల సేకరణ చూడటంతో ఆగిపోతే మాత్రం, జ్ఞానం ఎప్పుడూ వేరేవాళ్ల ఇంట్లోనే ఉంటుందన్న పాఠమే మిగులుతుంది.

మన ఇళ్లలోని వస్తువుల వెనుక ఎంత శాస్త్రముందో చూడండి. లందలో తంగేడు చెక్కతో తోలు ఊనడం రసాయన శాస్త్రం. ఆరె, రంపె పట్టుకుని పాదానికి తగ్గట్టు చెప్పు కుట్టడం కొలతల విద్య. బావిలోంచి నీళ్లు తోడిన మోట బొక్కెన ఒక యంత్రం. డప్పును మంటకు కాచి చిర్ర, సిటికెన పుల్లలతో శబ్దం సరిచూడటం ధ్వని శాస్త్రం. కంచ ఐలయ్య పిల్లల కోసం రాసి, 2007లో నవయాన ప్రచురించిన ఇంగ్లీషు పుస్తకం చెప్పింది ఈ శ్రమ గౌరవం గురించే. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' పిల్లల కథల వరసలో గోగు శ్యామల, ఎం.ఎం. వినోదిని వంటివారి కథలున్నాయి. పసిపిల్లలకు అవి కాస్త పెద్దవి. వాటిని కుదించి నోటితో చెప్పుకోవచ్చు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. డప్పును కులం పేరుతో బలవంతపు వెట్టిగా కొట్టించిన చరిత్ర ఉంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి మొదలైన మాదిగ దండోరా ఆ డప్పునే ఆత్మగౌరవ గుర్తుగా మార్చిన చరిత్రా ఉంది. వస్తువు అదే, పట్టుకున్న తీరు వేరు. అందుకని మేము కొన్ని నియమాలు సూచిస్తాం. 'మీ నాయన ఏం పని చేస్తడు?' అని పదిమంది ముందు బిడ్డను అడగొద్దు. ఒక బిడ్డకు ఒక వస్తువును అంటగట్టొద్దు, అన్ని కులాల పిల్లలూ అన్నిటినీ పట్టుకోవాలి. బలవంతంగా చేయించిన పాకీ పని సామగ్రిని కళగా చూపొద్దు. పాత వస్తువుల పక్కన బస్సు టికెట్టు, ఫోను, రేషన్ కార్డు కూడా పెట్టాలి. ఎందుకంటే వాడ నిన్నటి దగ్గరే ఆగిపోలేదు.

ఇంకొకటి ప్రతి వాడలోనూ సిద్ధంగా ఉంది. అంబేడ్కర్ విగ్రహం చేతిలో పుస్తకం ఉంటుంది. మన పిల్లలు అక్షరం రాకముందే చూసే మొదటి పుస్తకం బహుశా అదే. 'ఆయన చేతిలో ఏముంది? అందులో ఏం రాసుంటది?' అని అడిగితే, మూడేళ్ల బిడ్డ కూడా ఏదో ఒకటి చెబుతుంది. ఆ జవాబు రాసి చదివి వినిపించండి.

వాలంటీరు ఎవరు, జీతం ఎవరికి?

స్వచ్ఛంద సేవ మన ఉద్యమాలకు కొత్త కాదు. భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాద్ ఇసామియా బజారులో దళిత పిల్లలకు బడి పెట్టింది ప్రభుత్వం తలుపు తెరిచి కాదు. అయితే సేవను పొగుడుతూనే బాధ్యతను తప్పించుకునే ప్రభుత్వాలుంటాయి. దీనికి అమెరికాలోని మిసిసిపి ఒక పాఠం. 1965లో పేద పిల్లలకు బడికి ముందు చదువు కోసం హెడ్ స్టార్ట్ పథకం వచ్చినప్పుడు, అక్కడి నల్లజాతి ప్రజలు చైల్డ్ డెవలప్‌మెంట్ గ్రూప్ ఆఫ్ మిసిసిపి పేరుతో 84 కేంద్రాల్లో సుమారు 6,000 మంది పిల్లలకు చదువు చెప్పారు. టీచర్లలో ఎక్కువమంది ఆ ఊళ్ల కూలి తల్లులు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు. సెనేటర్ జాన్ స్టెనిస్ దాని మీద దాడికి దిగాడు. నిధులు ఆగాయి. అయినా జీతాల్లేకుండానే చాలా కేంద్రాలు నడిపారు. 1966 ఫిబ్రవరిలో 48 మంది పసిపిల్లల్ని వాషింగ్టన్‌కు తీసుకెళ్లి చట్టసభ గదిలోనే తరగతి పెట్టారు. నిధులు మళ్లీ వచ్చాయి, దాడులు మాత్రం ఆగలేదు. స్వచ్ఛందంగా నడుపుతూనే హక్కుగా నిధులు అడగొచ్చని వాళ్లు చూపించారు.

మన దేశంలో ఈ పని అంగన్‌వాడీది. ఆ పేరు వెనుక కూడా దళిత వాడ ఉంది. మహారాష్ట్రలోని బోర్డీలో 1945లో బాలవాడి పెట్టిన తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్, దళిత పిల్లలు తమ దగ్గరికి రావడం లేదని గమనించి, ఆ ఇళ్ల ముంగిట్లోకే బడిని తీసుకెళ్లారు. అంగణం అంటే ముంగిలి. 1975 అక్టోబర్ 2న సమీకృత శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు అదే పేరు దేశమంతా వ్యాపించింది.

కానీ అంగన్‌వాడీ టీచర్‌ను ప్రభుత్వం నేటికీ గౌరవ వేతనం మీద పనిచేసే కార్యకర్తగానే చూస్తోంది. గ్రాట్యుటీ ఆమె హక్కని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పాల్సి వచ్చింది. 2023 డిసెంబర్ నుంచి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేస్తే ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే స్వచ్ఛంద కార్యకర్త, సమ్మె చేస్తే అత్యవసర సేవ. ఈ రెండు నాల్కల ధోరణిని గుర్తు పెట్టుకోకుండా నగరం నుంచి వాలంటీర్లు దిగితే, ఉన్న టీచర్ శ్రమ ఇంకా చవకవుతుంది.

విద్యార్థులు చేయగలిగింది

చట్టం ఎక్కడుందో ముందు తెలుసుకుందాం. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల వారికి విద్యను ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్లలోపు వారిని మాత్రం 45వ అధికరణం కింద ఆదేశిక సూత్రంగానే వదిలేసింది. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 11 కూడా మూడేళ్లు దాటిన పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు 'చేయవచ్చు' అంటుందే గానీ 'చేయాలి' అనదు. ఆ ఒక్క మాట మారడం మన డిమాండ్ కావాలి.

చేతిలో ఉన్న ఆయుధం కూడా ఒకటుంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం అంగన్‌వాడీల ఏర్పాటులో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ప్రాధాన్యమివ్వాలి. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని ఆవాసం అడిగితే, మూడు నెలల్లోపు ఏర్పాటు చేయాలి. మీ వాడలో కేంద్రం ఎక్కడుంది, పిల్లలు నడిచి వెళ్లే దారి ఎవరి ఇళ్ల ముందు నుంచి పోతుంది అని లెక్క తీయడం విద్యార్థి సంఘాలు ఒక ఆదివారంలో చేయగల పని.

కేంద్రం ఉన్నచోట, టీచరమ్మను అడిగి, ఆమె చెప్పిన వేళకే వెళ్లండి. ఆమె పని మీరు లాక్కోవద్దు, ఆమెకు తోడుండండి. ఒక మూల చాప పరిచి పది వస్తువులు పెట్టండి. వాటిని ఇళ్ల నుంచి తెచ్చేది, వాటి గురించి చెప్పేది వాడలోని అవ్వలు, తాతలే కావాలి. వారానికి ఒక వస్తువు, దాని చుట్టూ మాటలు, ఒక కథ, గోడ మీద పిల్లల వాక్యాలు. నెలకోసారి ఆ వాక్యాలన్నీ కుట్టి పుస్తకం చేయండి. ఏడాది చివర ఆ పిల్లలు ఒకటో తరగతికి వెళ్లేటప్పుడు, ఆ పుస్తకాల్ని తీసుకెళ్లి ఒకటో తరగతి టీచర్ చేతిలో పెట్టండి. ఈ పిల్లలకు ఏ మాటలు వచ్చో, ఏ కథలు తెలుసో అందులో ఉంటుంది. అక్కడి నుంచి పాఠం మొదలుపెట్టాల్సింది బడి.